కిడెపో పార్కు రెండు రోజుల్లో చూసి రావచ్చా?

జనవరిలో నేనూ మా ఆవిడా కంపాలాలో మా బావ దగ్గరికి వెళ్తున్నాం. గొరిల్లాల పర్మిట్ మా బడ్జెట్‌కి అందేలా లేదు. యుగాండా ఈశాన్య మూలన కిడెపో అని ఉందట, జనం తక్కువట. కారులో రెండు రోజుల్లో చుట్టేసి రావచ్చా? మేం శాకాహారులం, తిండి సంగతి కూడా చెప్పండి.

జవాబు: రెండు రోజులు రానూపోనూ దారికే సరిపోతాయండీ. గులు, కిట్‌గుం మీదుగా చీకటితో బయల్దేరినా చేరేసరికి సాయంత్రమే. నేనిక్కడే కంపాలాలో ఉద్యోగం, మొదటిసారి మీలాగే శని ఆదివారాలు చాలనుకుని వెళ్లి, ఒళ్లు హూనం చేసుకుని ఒక్క పూట తిరిగి వచ్చేశాం. మూడు రాత్రులు ఉండగలిగితేనే వెళ్లండి, లేదంటే మర్చిసన్ ఫాల్స్ పార్కు చాలు, అదేం తక్కువది కాదు.

జనవరి మంచి టైమే. అక్కడ వానల్లేని కాలం కాబట్టి కిడెపో నదిలో ఇసుక తప్ప చుక్క నీరుండదు, నీళ్లు మిగిలే నారుస్ లోయకే జంతువులన్నీ చేరతాయి. అడవిదున్నలు వందల్లో, పొద్దున్నే వెళ్తే బండల మీద సింహాలు. బస చేసే అపోకా క్యాంపు ఆ లోయలోనే. రాత్రి కిటికీ పక్కన గడ్డి పరపరా కొరుకుతున్న చప్పుడైతే టార్చ్ వేశాను, రెండు గజాల దూరంలో అడవిదున్న! చీకటి పడ్డాక గది దాటి రావద్దని వాళ్లు ఊరికే చెప్పరు.

ఇసుక ఏటి ఒడ్డున తాటిచెట్లు చూడండి, మన తాటికి చుట్టాలే, కాకపోతే నడుం దగ్గర బొద్దుగా ఉంటాయి. ఆ దారిలో సెట్సీ అనే కుట్టే ఈగలుంటాయి, నీలం, నలుపు బట్టలంటే వాటికి మహా ఇష్టం, కాబట్టి జీన్స్ వద్దు.

అన్నం, బీన్స్, పోషో (మొక్కజొన్న పిండి ముద్ద) దొరుకుతాయి. పచ్చడి మీరే తెచ్చుకోండి.

అన్నిటికన్నా ముందు ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేయించుకున్న 10 రోజులకి గానీ కార్డు చెల్లదు. తిరిగి ఇండియాలో దిగినప్పుడూ అడుగుతారు, లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.

థాంక్సండీ. విమానం ఏమైనా ఉందా?

జవాబు: ఎంటెబ్బే నుంచి చిన్న విమానాలున్నాయి, ఖరీదెక్కువ, సామాను 15 కిలోలే. కారైతే కిట్‌గుంలో ట్యాంకు నింపించండి, స్టెప్నీ గాలి కూడా అక్కడే చూపించండి. మాది చూసుకోలేదు, అదో పెద్ద కథ.