మొండోడే మానుతడా? తాగుడు మానుడుకు, మనిషి గుణానికి లంకె ఎంత?

ప్రాణహిత గట్టు: మా సిరోంచ దిక్కు ఒక మాట నడుస్తది: మొండోడైతే తాగుడు మానుతడు, మెత్తటోని వల్ల కాదు. మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా, ఇక్కడ 1993 నుంచి దారు బంద్ (మద్యనిషేధం). బంద్ అందరికీ ఒక్కటే, మానినోళ్లు కొందరే. తేడా గుణంలనే ఉన్నదని నేనంట. కాదనేటోళ్లు చెప్పుండ్రి.

గోదారి ఇవతల: బంద్ అందరికీ ఒక్కటెట్లయితదన్నా? వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ. అటు అమ్మకం బాజాప్త నడుస్తది. రోజూ ఆ వంతెన మీంచే పనికి పోయేటోన్ని, ఇప్పసారా కాచే ఇంటి పక్కనుండేటోన్ని, ఏదీ దొరకని పల్లెల ఉండేటోన్ని ఒక్క తూకంల పెడ్తవా?

వార్డు సిస్టర్: మీ ఇద్దరికీ ఒక మాట. మానిన మొదటి వారంలో గుణం గురించి తీర్పు చెప్పకండి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 గంటల నుంచే వణుకు, చెమట మొదలవుతాయి. 48 గంటలలోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా లేనివి కనబడటం, మతి తప్పడం జరగొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అప్పటి కోపం, ఏడుపు గుణం కాదు, మందు దిగుతున్న లక్షణం. ఆ మనిషిని ఇంట్లో గొళ్లెం పెట్టి ఉంచొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) పడాలి. కనీసం నాలుగు వారాలు మందు ముట్టకుండా ఉన్నాకే అసలు మనిషి బయటపడేది.

మనసు మాట: సిస్టర్ చెప్పింది నిజం. వ్యసనానికి ఒకటే అచ్చు గుణం లేదు. తరచుగా నాలుగు కనబడతాయి: ఆశ చచ్చిపోవడం, బెంగ, దుడుకు, కొత్త కిక్కు కోసం వెతుకులాట. జారిపోయే చోటు ఒక్కొక్కరికి ఒకటి. దుడుకు మనిషి జేబులో కూలి డబ్బు ఉన్న సాయంత్రం జారతాడు, కాబట్టి కూలి నేరుగా ఇంటావిడ ఖాతాలో పడాలి. బెంగ మనిషి నిద్ర పట్టని రాత్రి జారతాడు. ఆయనకు నెలల తరబడి నిద్రమాత్రలిస్తే మందు పోయి మాత్ర అలవాటవుతుంది. ఆశ చచ్చినవాడికి ముందు డిప్రెషన్ వైద్యం కావాలి.

గోదారి ఇవతల: వినడానికి బాగనే ఉన్నది సార్. మరి అమెరికాల ప్రాజెక్ట్ మ్యాచ్ అని 1,700 మందికి పైగా తాగుబోతుల మీద పెద్ద పరిశోధన చేసి, 1997ల ఫలితాలు చెప్పిండ్రు గద! మనిషిని బట్టి వైద్యం కలిపితే ఎక్కువ ఫాయిదా వస్తదనుకుంటే, చాలావరకు రాలే.

మనసు మాట: అవును. కానీ కోపం ఎక్కువున్నవాళ్లకు, నిలదీయకుండా వాళ్ల నోటితోనే కారణాలు చెప్పించే పద్ధతి మెరుగ్గా పనిచేసింది. పెద్ద ఫలితమేం కాదు, అయినా తిట్టి మాన్పించాలనుకునే కుటుంబాలకు అది చాలు.

ప్రాణహిత గట్టు: అయితే మొండోనికి తెల్వకుండ కూరల తాగుడు మాన్పే మాత్ర కలిపి పెట్టుడేనా?

వార్డు సిస్టర్: అస్సలు వద్దు తమ్ముడూ! అది డైసల్ఫిరామ్. చివరి గుక్క తాగి కనీసం 12 గంటలైతేనే మొదలుపెట్టాలి, అంతకుముందు లివర్ పరీక్ష చేయించాలి. తెలియక దాని మీద తాగితే ముఖం ఎర్రబారుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బుంటే చావొచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. మొండివాడికి, దుడుకువాడికి దొంగచాటుగా ఇవ్వడం మరీ తప్పు, మాత్ర మీద తాగేది వాళ్లే. ఆయన ఒప్పుకుని, పొద్దున్నే ఇంటివాళ్ల ఎదుట మింగాలి.

ప్రాణహిత గట్టు: మరి ఖర్రా, అదే పొగాకు, వక్క కలిపి నమిలేది? అది గూడ ఒక్కసారే బంద్ పెట్టాల్నా అక్కా?

వార్డు సిస్టర్: పెట్టొచ్చు, దానివల్ల తాగుడు మానడం చెడిపోదు. నికోటిన్ గమ్ వాడితే మాత్రం ఖర్రాలాగా గబగబా నమలొద్దు. ఘాటు తగలగానే ఆపి దవడకు ఆనించి పెట్టాలి, తగ్గాక మళ్లీ నమలాలి. దుడుకువాళ్లు ఇక్కడే చెడగొడతారు: ఆపకుండా నమిలి, ఎక్కిళ్లు, గొంతు మంట వచ్చాక "నాకు పడలేదు" అని పారేస్తారు.