సమస్యాపూరణం: పసిఁడి కుప్పమీఁదఁ బస్తులుండె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా.

పసిఁడి కుప్పమీఁదఁ బస్తులుండె

షరతు ఒక్కటే. కథ గ్రీకు, రోమన్ పురాణాల్లోంచి రావాలి, ఇప్పటి పాఠకుడికి తగలాలి. కుబేరుణ్ణి పట్టుకొచ్చి తప్పించుకోవద్దు.

గోదారిగట్టు:
తాకినట్టిదెల్ల తళుకు బంగారమై
మారు వరము గొన్న మనుజపతికి
ద్రాక్షమధువు నోట ద్రవకాంచనంబయ్యె
పసిఁడి కుప్పమీఁదఁ బస్తులుండె

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. మూడో పాదం రోమన్ కవి ఓవిడ్‌ని చదివినవాళ్ళు మాత్రమే రాయగలరు. అతని కావ్యం 'మెటమార్ఫొసీస్' 11వ పుస్తకంలో ఈ వరం పొందిన రాజు మిడాస్ తాగబోయిన ద్రాక్షసారా అచ్చం ఇలాగే దవడల మధ్య కరిగిన బంగారమై పారుతుంది. కానీ ఇది కథను అప్పజెప్పడమే. ఇప్పటి పాఠకుడికి ఇందులో కొత్తగా ఏముంది?

మధుమాసం:
ముద్దులాడఁ బోయి మురిపాల కూఁతును
బొమ్మఁ జేసికొనియె, బువ్వ మఱచె
కడుపుకోతకన్నఁ గనకమేపాటిది?
పసిఁడి కుప్పమీఁదఁ బస్తులుండె

వేపపుల్ల: పద్యం బాగుందక్కా, కానీ ఓవిడ్ కథలో కూతురే లేదు! 19వ శతాబ్దంలో అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ పిల్లల కోసం తిరగరాసినప్పుడు ప్రచారంలోకి వచ్చిన ఘట్టమిది.

మధుమాసం: లేకపోతేనేం? ఓవిడ్ మాత్రం పాత గ్రీకు కథల్ని ఉన్నదున్నట్టు దించాడా? అక్కడ పస్తుకి కారణం రొట్టె గట్టిపడటం, ఇక్కడ దుఃఖం. నాకు ఇదే నచ్చింది.

నిర్వాహకుడు: అక్కతోనే ఏకీభవిస్తా. మార్చింది పిల్లల పుస్తకమైనా, లోకం గుర్తుపెట్టుకున్నది ఆ కూతుర్నే.

రాత్రిరైలు:
తెరను వేలితోడఁ దీఱిక లేకుండ
తాకి షేరులమ్ము ధనికుఁడొకఁడు
అమ్మ పిలుపు వినఁడు, అన్నంబు చల్లాఱె
పసిఁడి కుప్పమీఁదఁ బస్తులుండె

నిర్వాహకుడు: మిడాస్ స్పర్శని టచ్‌స్క్రీన్ మీదకి తేవడం భలే ఊహ. అయితే "వినఁడు, అన్నంబు" దగ్గర విసంధి, అంటే చేయాల్సిన సంధి చేయలేదు. ఉత్వసంధి నిత్యం కదా! "అమ్మ పిలుపు వినక యన్నంబు విడనాడి" అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి. చల్లారిన అన్నం పోతుంది, అదొక్కటే బాధ.

రాత్రిరైలు: సవరణ శిరోధార్యం గురువుగారూ. అన్నం పోయినా పర్లేదు.

వేపపుల్ల:
వండి పెట్టినట్టి వంటవాఁడే తిట్లు
తినియె; రాజు గొంతు దిగదు రొట్టె
పంటి క్రింద నదియె బంగారమై మ్రోఁగె
పసిఁడి కుప్పమీఁదఁ బస్తులుండె

గోదారిగట్టు: రాజుకి రొట్టె లేదు, వంటవాడికి తిట్లు మాత్రం కడుపునిండా!

నిర్వాహకుడు: ఈసారికి నా ఓటు దీనికే. ఓవిడ్‌లో సేవకులు బల్ల నిండా వడ్డిస్తారు, ఒక్క మాట మాట్లాడరు. వాళ్ళ వైపు నుంచి చూడటమే అసలైన తిరగరాత. పాత కథలో లేని ఫోన్లూ షేర్లూ దీనికి అవసరం పడలేదు. "నదియె" కొంచెం పాదం నింపడం కోసం పెట్టినట్టుంది, పోనిద్దాం.

మరో సంగతి. టర్కీలోని గోర్డియన్‌లో మిడాస్ పేరుతో పిలిచే పెద్ద సమాధి దిబ్బని 1957లో తవ్వారు. బంగారు వస్తువు ఒక్కటీ దొరకలేదు. దొరికినవి కంచు పాత్రలు, వాటిలో విందు తాలూకు మాంసం, పప్పు కలిపి వండిన కూర ఆనవాళ్ళు! అది అతని తండ్రి సమాధి అని కొందరి అభిప్రాయం. ఎవరిదైనా, పస్తులైతే లేవు. దీని మీద ఎవరైనా పద్యం కడితే వచ్చే వారం దాకా తీసుకుంటా.

తర్వాతి సమస్య: తండ్రి శిరముఁ జీల్చి తనయ పుట్టె. తండ్రి జ్యూస్, కూతురు ఎథీనా కథ అందరికీ తెలుసు కాబట్టి ఆ ఇద్దరి గొంతులోనూ చెప్పకూడదు.

వేపపుల్ల: గొడ్డలి పట్టుకుని జ్యూస్ తల పగలగొట్టిన హెఫేస్టస్ గొంతు నాకే!