చిన్న పిస్టల్ జామ్ అవుతోంది: లోపం దానిదా, నా చేతిదా?

నిలకడ:
అందరికీ నమస్కారం. రోజూ చొక్కా కింద నడుముకు పెట్టుకోవడానికని మూడు నెలల కింద ఒక సబ్‌కాంపాక్ట్ 9 ఎంఎం పిస్టల్ తీసుకున్నాను. ఖాళీగా అర కిలో, బ్యారెల్ 3 అంగుళాలకు కాస్త ఎక్కువ, మ్యాగజైన్‌లో 10 రౌండ్లు పడతాయి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. తప్పు ఎవరిదో నాకే ఇంకా తేలలేదు.

ఇప్పటికి 240 రౌండ్లు కాల్చాను, 5 సార్లు ఆగింది. మూడుసార్లు ఖాళీ కేసు (కాల్చాక మిగిలే తూటా గొట్టం) ఎగిరిపోకుండా స్లైడ్‌కీ (పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) బ్యారెల్‌కీ మధ్య ఇరుక్కుని పొగగొట్టంలా నిటారుగా నిలబడింది. రెండుసార్లు తర్వాతి తూటా ముక్కు ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) ఎక్కకుండా కిందే గుచ్చుకుని ఆగింది. పిడి పొట్టిది కావడంతో నా చిటికెన వేలికి చోటు లేదు, గాల్లో వేలాడుతుంది. యాభై రౌండ్లు దాటేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోతుంది. అదే పిస్టల్‌తో మా ట్రైనర్ 60 కాల్చారు, ఒక్కసారీ ఆగలేదు. మణికట్టు వదులుగా పడుతున్నావు అన్నారు.

ఉంచుకుని చెయ్యి దిద్దుకోవాలా, ఇచ్చేసి కొంచెం పెద్దది తీసుకోవాలా? పెట్టుకుని తిరగాలంటే మాత్రం టెన్షన్‌గా ఉంది.

ఇనుపగొళ్ళెం:
ఇచ్చేయండి. అలసిన చేతిలో ఆగిపోయే ఆయుధాన్ని ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎలా నమ్ముతారు? రేంజ్‌లో రెండు చేతులతో, కాళ్ళు సరిగా పెట్టుకుని కాలుస్తాం. నిజంగా అవసరం వచ్చిన రోజు ఒక చేత్తో పిల్లాణ్ణి వెనక్కి నెడుతూ రెండో చేత్తో కాల్చాల్సి రావచ్చు. మణికట్టు ఎలా వంగి ఉంటుందో ఎవరు చెప్పగలరు? గ్లాక్ 19 లాంటి మధ్యసైజువి 1988 నుంచి ఉన్నాయి. 102 మిల్లీమీటర్ల బ్యారెల్, 15 రౌండ్లు, చిటికెన వేలికీ చోటుంటుంది. అవి కూడా చొక్కా కింద దాగుతాయి.

గురిచూపు:
ఇనుపగొళ్ళెం గారూ, నేను ఒప్పుకోను. పెద్దది కొన్నవాళ్ళలో చాలామంది రెండో నెలకే అది బరువనో, కూర్చుంటే గుచ్చుకుంటోందనో ఇంట్లో వదిలేసి బయటికి వెళ్తారు. ఇంట్లో ఉన్న పిస్టల్ ఎంత నమ్మకమైనదైతే ఏం లాభం? పైగా ఇక్కడ సమాధానం ప్రశ్నలోనే ఉంది. అదే పిస్టల్, అవే తూటాలు, చెయ్యి మారగానే జామ్ పోయింది. లోపం చేతిదే. నిలకడ గారూ, చెయ్యి దిద్దుకుంటే జామ్ పోతుంది, నమ్మండి.

తూకంరాయి:
ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. రీకాయిల్ (కాల్చినప్పుడు చేతికి వచ్చే వెనకతన్ను), నమ్మకం అని రెండు వేరు వేరు విషయాల్లా మాట్లాడుతున్నారు. చిన్న పిస్టల్‌లో ఆ రెండూ ఒకటే.

115 గ్రెయిన్ల బుల్లెట్ అంటే ఏడున్నర గ్రాములు. పొట్టి బ్యారెల్ నుంచి సెకనుకు దాదాపు 330 మీటర్ల వేగంతో వెళ్తుంది. అది ముందుకు ఎంత ఊపుతో పోతుందో పిస్టల్ వెనక్కి అంతే ఊపుతో వస్తుంది. అర కిలో పిస్టల్ అయితే సెకనుకు 5 మీటర్ల వేగం, 850 గ్రాములదైతే 3 మీటర్లకు కాస్త తక్కువ. శక్తి లెక్కలో మొదటిది 6 జౌళ్ళు, రెండోది మూడున్నర. మందు వాయువుల వల్ల రెండూ ఇంకాస్త పెరుగుతాయి గానీ వాటి మధ్య నిష్పత్తి దాదాపు అలాగే ఉంటుంది. తూటా ఒకటే, బరువు తగ్గినందుకే చేతికి అంత దెబ్బ.

ఇప్పుడు స్లైడ్ సంగతి. అది పొట్టిది, తేలికది. అందుకే వేగంగా వెనక్కి వస్తుంది, ప్రయాణించే దూరమూ తక్కువ. దాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగ్ పెడతారు. ఆ కొద్ది దూరంలో ఖాళీ కేసును లాగి బయటికి విసిరి, తిరిగొచ్చేటప్పుడు కొత్త తూటాను తోసుకుపోవాలి. స్లైడ్ వెనక్కి పోవాల్సింది ఫ్రేమ్‌తో (పిడి ఉన్న కింది భాగం) పోలిస్తే. మీ మణికట్టు వదులైతే ఫ్రేమ్ కూడా దానితో పాటే వెనక్కి వస్తుంది. అప్పుడు స్లైడ్ పూర్తి దూరం పోదు, కేసు సరిగా ఎగరదు. మీరు చెప్పిన పొగగొట్టం అదే. పెద్ద పిస్టల్‌లోనూ ఇది జరగవచ్చు, కాకపోతే అక్కడ ఫ్రేమ్ బరువే సగం పట్టు పడుతుంది. చిన్నదాంట్లో ఆ పని మీ చెయ్యి చెయ్యాలి.

ఇంకో మాట. ఒక్కో 9 ఎంఎం రౌండ్ 12 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. పది కాల్చాక అర కిలో పిస్టల్ 120 గ్రాములు తేలికైపోతుంది. అంటే చివరి రౌండు మొదటిదానికంటే గట్టిగా తన్నుతుంది. అదే సమయానికి మ్యాగజైన్ స్ప్రింగ్ బాగా సాగి బలహీనంగా ఉంటుంది. స్లైడ్ త్వరగా తిరిగొస్తుంది, తూటా నెమ్మదిగా పైకి లేస్తుంది. ముక్కు గుచ్చుకున్న ఆ రెండుసార్లు మ్యాగజైన్‌లో ఎన్నో రౌండు? మ్యాగజైన్లు రెండున్నాయా? ఏది?

నిలకడ:
రెండున్నాయి. ఏ మ్యాగజైన్‌లో, ఎన్నో రౌండో రాసుకోలేదు. అయ్యో, రాసుకోవాల్సింది. పొగగొట్టాలు మాత్రం మూడూ చెయ్యి నొప్పి పెట్టాక, రేంజ్‌లో ఆఖరి అరగంటలోనే.

లెక్కలపలక:
గురిచూపు గారి మాట మీద ఒక చిన్న లెక్క. ట్రైనర్ చేతిలో 60 రౌండ్లు ఆగకుండా వెళ్ళాయి కాబట్టి పిస్టల్ మంచిదే అంటున్నారు. నిలకడ గారికి 240లో 5, అంటే నూటికి 2.1. పోనీ లోపం పూర్తిగా పిస్టల్‌దే, ఎవరు కాల్చినా నూటికి 2.1 సార్లు ఆగుతుందనే అనుకుందాం. అలాంటి పిస్టల్ కూడా వరసగా 60 రౌండ్లు ఆగకుండా వెళ్ళే అవకాశం నూటికి 28. నాలుగింట ఒక వంతుకు పైనే. అంత అవకాశం ఉన్నప్పుడు ఆ 60 రౌండ్లతో తీర్పు చెప్పలేం.

ఒక్కసారీ ఆగకపోతే మూడును రౌండ్ల సంఖ్యతో భాగించండి. నూటికి 95 పాళ్ళ నమ్మకంతో లోపం అంతకు మించదని చెప్పవచ్చు. 200 రౌండ్లు శుభ్రంగా వెళ్తే నూటికి ఒకటిన్నర లోపు. 500 వెళ్తే నూటికి 0.6 లోపు. "రెండు మ్యాగజైన్లు కాల్చి చూశా, బ్రహ్మాండం" అనే మాట విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. 20 రౌండ్లతో చెప్పగలిగింది నూటికి 15 లోపు అని మాత్రమే.

గురిచూపు:
లెక్క ఒప్పుకుంటున్నాను, 60 చాలవు. కానీ మూడు పొగగొట్టాలూ చెయ్యి అలసిన తర్వాతే వచ్చాయని ఆయనే అన్నారు కదా. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

మల్లెతీగ:
నా చేతులు చిన్నవి, వేళ్ళ కీళ్ళలో వాపు ఉంటుంది. అందుకని మొదట్లో అందరూ ".380 తీసుకోండమ్మా, మెత్తగా ఉంటుంది" అన్నారు. అది 9 ఎంఎం కంటే పొట్టి తూటా. తీసుకున్నాను. 9 ఎంఎం కంటే గట్టిగా తన్నింది! స్లైడ్ లాగడానికి రెండు చేతులతో కుస్తీ పట్టాను. కారణం చాలా రోజుల తర్వాత తెలిసింది. అది బ్లోబ్యాక్ రకం. 1931లో వచ్చిన వాల్తర్ పీపీకేలో లాగా బ్యారెల్ ఫ్రేమ్‌కు బిగించేసి ఉంటుంది. పేలుడు జోరును స్లైడ్ బరువూ స్ప్రింగూ మాత్రమే ఆపాలి. అందుకే స్ప్రింగ్ అంత బిగువు, చేతికి అంత చురుకైన దెబ్బ.

తర్వాత బ్యారెల్ కాసేపు స్లైడ్‌తో లాక్ అయి కలిసి వెనక్కి కదిలే రకం .380 తీసుకున్నాను. తూటా అదే గానీ చేతిలో వేరే పిస్టల్‌లా ఉంది. ఇప్పుడు స్లైడ్ వేళ్ళతో లాగగలను. నెలకు ఒకటి రెండుసార్లు వంద రౌండ్లు కాలుస్తాను, నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టే కాలుస్తాను. నిలకడ గారూ, చర్మం కందిపోయే పిస్టల్‌తో మీరు ఎంతకాలం ప్రాక్టీస్ చేస్తారు?

ఇనుపగొళ్ళెం:
అమ్మా, మీ అనుభవాన్ని కాదనను. కానీ .380లో ఒక చిక్కు ఉంది. పొట్టి బ్యారెల్ నుంచి హాలో పాయింట్ (తగిలాక విచ్చుకునేలా ముక్కు బోలుగా చేసిన బుల్లెట్) విచ్చుకుంటే చాలాసార్లు లోతుకు పోదు, లోతుకు పోయినప్పుడు విచ్చుకోదు. అమెరికా ఎఫ్‌బీఐ వాళ్ళ జెలటిన్ పరీక్షలో (కండను పోలిన జెల్లీ దిమ్మలోకి కాల్చి చూసేది) 12 నుంచి 18 అంగుళాల లోతు చూస్తారు. 9 ఎంఎంతో అది సులువుగా కుదురుతుంది.

మల్లెతీగ:
తెలుసండీ, అందుకే ఆ పరీక్షలో లోతుకు పోయేవే వాడుతున్నాను. 9 ఎంఎంతో మొదటిది తగిలి రెండోది ఎటో పోయేది నాకు. ఇప్పుడు అయిదూ ఒకేచోట పడతాయి.

పాతబాట:
ఇదంతా ఎందుకు, అయిదు రౌండ్ల పొట్టి రివాల్వర్ పెట్టుకోండి. మణికట్టు ఎలా ఉన్నా పేలుతుంది.

తూకంరాయి:
పేలుతుంది, నిజమే. కానీ తేలిక రివాల్వర్ చేతిని ఇంతకంటే ఎక్కువ కొడుతుంది. మరీ తేలికవాటిలో ఆ కుదుపుకే మిగతా తూటాల బుల్లెట్లు కేసులోంచి ముందుకు జారి సిలిండర్ తిరగకుండా చేసిన సందర్భాలున్నాయి. అది రేంజ్‌లో నిమిషంలో సరిచేసేది కాదు.

నిలకడ గారూ, మ్యాగజైన్ల మీద 1, 2 అని రాయండి. ప్రతి ఆగుడూ రాసుకోండి: ఏ మ్యాగజైన్, ఎన్నో రౌండు, ఎవరి చెయ్యి. ఇంకో పని కూడా. మీకు తెలియకుండా ఇంకొకరు మ్యాగజైన్‌లో అక్కడక్కడ డమ్మీ (మందు లేని, పేలని) రౌండ్లు కలిపి ఇవ్వాలి. ట్రిగ్గర్ నొక్కితే పేలని చోట పిస్టల్ ముక్కు కిందికి వంగిందా చూడండి. వంగితే దెబ్బ తగలకముందే మీ చెయ్యి భయపడుతోందని అర్థం.

నిలకడ:
మూడు వారాలైంది. అందరూ చెప్పినవన్నీ చేశాను.

డమ్మీ రౌండ్ల సంగతి ముందు చెప్తాను. మొదటి డమ్మీకే పిస్టల్ ముక్కు రెండంగుళాలు కిందికి దూకింది. నాకే నమ్మబుద్ధి కాలేదు. నెమ్మదిగా, రోజుకు 50 రౌండ్లకు మించకుండా కాల్చాక ఇప్పుడు చాలావరకు నిలకడగా ఉంటోంది.

మ్యాగజైన్లు చెరి 150 రౌండ్లు. 1లో ముక్కు గుచ్చుకోవడం ఒక్కసారీ లేదు. 2లో మూడుసార్లు, మూడూ చివరి రౌండే. అందులో ఒకటి ట్రైనర్ చేతిలో! ఆయన పిస్టల్ వైపు చాలాసేపు చూసి ఏమీ అనలేదు. 2కు కొత్త స్ప్రింగ్ వేశాను. తర్వాత దానితో 100 కాల్చాను, ఆగలేదు.

పొగగొట్టాల కథ వేరు. రెండు మ్యాగజైన్ల అడుగునా చిటికెన వేలు ఆనే ముక్క తగిలించాను. రెండు చేతులతో ఆ 300లో ఒక్కటీ రాలేదు. కానీ ఒక్క ఎడమచేత్తో 40 కాల్చితే రెండు వచ్చాయి.

గురిచూపు:
మ్యాగజైన్ విషయంలో నేను తప్పు. తొందరపడి మీ చేతి మీదే వేశాను. కానీ పొగగొట్టాలు చేతి వల్లే అన్నది నిలబడింది కదా.

ఇనుపగొళ్ళెం:
నిలబడింది, నా మాట కూడా నిలబడింది. ఎడమచేత్తో 40కి రెండు. నేను భయపడింది సరిగ్గా దానికే. ఇంకోటి చెప్పనివ్వండి. వేలి ముక్క తగిలించాక మీ పిడి మధ్యసైజు పిస్టల్ పిడికి దగ్గరగా వచ్చి ఉంటుంది. చొక్కా మీద ఉబ్బెత్తుగా కనిపించేది పిడే, బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది. మరి పొట్టి బ్యారెల్ వల్ల మీరు దాచుకోగలిగింది ఏముంది?

నిలకడ:
కొలిచాను. మా ట్రైనర్ దగ్గరున్న మధ్యసైజు దానికంటే ఒక సెంటీమీటరే తక్కువ. మందం మాత్రం నాది బాగా సన్నం, కూర్చున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఎడమచేత్తో ఆయనది కూడా 40 కాల్చాను, ఆగలేదు.

లెక్కలపలక:
40లో సున్నా అంటే నూటికి ఏడున్నర లోపు అనే చెప్పగలం. కొత్త స్ప్రింగ్‌తో 100 అంటే నూటికి 3 లోపు. రెండూ ఇంకా తక్కువే.

నిలకడ:
అవును, అందుకే ఇంకా పెట్టుకోవడం లేదు. ఒక్క చేత్తో రెండు పిస్టళ్ళూ చెరి 200 కాలుస్తాను, అందులో సగం నేను నిజంగా పెట్టుకోబోయే హాలో పాయింట్లతోనే. తూకంరాయి గారూ, 124 గ్రెయిన్లవి తీసుకుంటే స్లైడ్‌కు కాస్త ఎక్కువ తోపు దొరుకుతుందా?

తూకంరాయి:
దొరకవచ్చు, తయారీని బట్టి మారుతుంది. మీ పిస్టల్‌లో ఏది నడుస్తుందో కాల్చే చూడాలి. ఎడమచేత్తో ముందు 124తో మొదలుపెట్టండి. కాల్చేటప్పుడు మోచెయ్యి చాపి బిగించండి, భుజం కొంచెం ముందుకు వంచండి. ఏ రౌండు ఎక్కడ ఆగిందో ఈసారి మాత్రం రాసుకోవడం మరచిపోకండి.