బ్రిక్ లేన్ మసీదు పక్కన ఆ స్టీలు మినార్ అవసరమా?

పాతగోడలు:
లండన్ వెళ్లిన మనవాళ్లు బ్రిక్ లేన్‌లో బిర్యానీ తిని, అక్కడి జామె మసీదు ఫొటో పెట్టి "చర్చి, సినగాగ్, మసీదు... ఎంత సామరస్యమో!" అని రాస్తుంటారు. ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన హ్యూగెనాట్ ప్రొటెస్టెంట్లు 1743లో కట్టుకున్న ఇటుక మందిరం అది. 1819 నుంచి మెథడిస్టు క్రైస్తవులది, 1898 నుంచి యూదుల ప్రార్థనా మందిరం (సినగాగ్), 1976 నుంచి బంగ్లాదేశీ ముస్లింలది. ఇన్ని చేతులు మారినా వీధిలోంచి చూస్తే పెద్దగా తేడా కనిపించేది కాదు. 2009లో పక్కనే 29 మీటర్ల స్టీలు మినార్ నిలబెట్టారు. నా అభ్యంతరం మసీదు మీద కాదు, ఆ స్తంభం మీద.

బాటసారి:
తేడా రాకపోవడానికి కారణం ఆ హాలేనండీ. హ్యూగెనాట్లు మతసంస్కర్త కాల్విన్ బాటవాళ్లు, ప్రార్థన చోట విగ్రహాలూ బొమ్మలూ గిట్టవు. ప్రసంగం వినడానికి వెలుతురున్న పెద్ద గది చాలు. అలాంటి గది సినగాగ్‌కైనా మసీదుకైనా సరిపోతుంది.

పాతగోడలు:
నేననేదీ అదే. సాదాతనమే దాని అందం. దాని పక్కన రాత్రిపూట వెలిగే గొట్టమా?

తూర్పుగాలి:
అక్కడ బతికేవాళ్లు తమ గుర్తు పెట్టుకుంటే తప్పేంటి? భవనానికి పాత కట్టడాలకిచ్చే గ్రేడ్ టూ స్టార్ రక్షణ ఉంది. ఫోర్నియర్ స్ట్రీట్ వైపు గోడ మీద నీడ గడియారం, 1743 అంకె, "మేం నీడలం" అనే లాటిన్ మాట, అన్నీ చెక్కుచెదరలేదు.

సామరస్యం సంగతంటారా, 1809లో అందులో దిగింది యూదులను క్రైస్తవంలోకి మార్చే సంఘం! పదేళ్లకు ఖాళీ చేసింది. ఆ శతాబ్దం ముగిసేలోపు అదే గదిని యూదులు సినగాగ్ చేసుకున్నారు. ఇది మాత్రం ఫొటో కింద ఎవరూ రాయరు.

బాటసారి:
ప్రేమతో అప్పగించిందీ ఎవరూ లేరు. బతుకుతెరువైన పట్టు నేత దెబ్బతిని హ్యూగెనాట్లు చెదిరిపోయారు, యూదులు ఉత్తర లండన్‌కు తరలిపోయారు. జనం లేని మందిరం కొత్తగా వచ్చినవాళ్ల చేతికొచ్చింది.

పాతగోడలు:
చరిత్ర సరే. ఆ మినార్ ఇటుకతో, కాస్త పొట్టిగా కట్టుంటే నేనీ పోస్టు పెట్టేవాణ్ణే కాదు.

తూర్పుగాలి:
అప్పుడు పాతదానికి నకలు కట్టారని ఇంకొకరు పెట్టేవారు. కొత్తది కొత్తదిలా కనిపించాలనే కదా పాత కట్టడాలను కాపాడేవాళ్లూ చెప్పేది!