నాలా పక్క కాలనీలు, హాస్టల్ విద్యార్థులు కలిసి సభ పెట్టుకోవాలంటే ఏమేం చూసుకోవాలి? (హన్మకొండ)

నయీంనగర్_ఒడ్డు:

నమస్తే. నయీంనగర్ నాలాకు అటూ ఇటూ ఉన్న నాలుగు కాలనీలు, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) హాస్టళ్ల విద్యార్థులు కలిసి జూన్ మొదట్లో, వానలు దిగకముందే, ఒక ఆదివారం సాయంత్రం సభ పెట్టాలని ఆలోచన. నూటయాభై మంది వరకు రావచ్చు. 2020 ఆగస్టు, 2023 జూలై వరదల తర్వాత ఈ ఊళ్లో నాలాల మీద మాట్లాడని వాళ్లు లేరు. కావాల్సింది ఇంకో ఉపన్యాసాల సభ కాదు. ఎక్కడ పూడిక పేరుకుంది, ఎక్కడ కల్వర్టు ఇరుకు, అది ఏ శాఖ పని అన్నది కాగితం మీదికి రావాలి.

అడగాల్సినవి: జాగా ఎలాంటిది చూసుకోవాలి? పోలీసు అనుమతి ఎలా? మైకులు ఎన్ని? ఉన్న రెండు గంటలు స్టేజీ మీదివాళ్లే మింగేయకుండా ఎలా నడపాలి? ఆ తర్వాత ఆ కాగితంతో ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సుబేదారి_చౌరస్తా:

జాగా, అనుమతి గురించి చెప్తాను.

రోడ్డుకు అడ్డంగా షామియానా వేయొద్దు. ట్రాఫిక్ వాళ్ల అభ్యంతరం ఒకటైతే, జూన్ గాలిదుమారానికి కర్రలు లేచిపోవడం రెండోది. కాలనీ కమ్యూనిటీ హాలు దొరికితే అదే మేలు. దానికి ఇంకో లాభం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకరు వాడకూడదు. తలుపులు మూసిన హాలుకు ఆ నిషేధంలో మినహాయింపు ఉంది. మీ సభ ఎలాగూ ఎనిమిదికే అయిపోతుంది. అయినా ఆలస్యమైతే భయపడాల్సిన పని ఉండదు.

బడి గానీ ఆసుపత్రి గానీ కోర్టు గానీ వంద మీటర్ల లోపు ఉంటే అది నిశ్శబ్ద మండలంగా ప్రకటించినది కావచ్చు, కనుక్కోండి. అలాగైతే పగలు 50 డెసిబెల్స్ దాటకూడదు. మామూలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. విద్యార్థులు ఉన్నారు కదా అని యూనివర్సిటీ ఆవరణే అడుగుదాం అనుకుంటారు చాలామంది. రిజిస్ట్రార్ సంతకం కావాలి, సెమిస్టరు పరీక్షలు నడుస్తుంటే అది రాదు, పైగా మైకు విషయంలో ఈ నిశ్శబ్ద మండలం చిక్కు. బయటి హాలే సుఖం.

దరఖాస్తు పది రోజుల ముందే ఇవ్వండి. మీ పరిధి పోలీస్ స్టేషన్ ద్వారా ఏసీపీకి. తేదీ, మొదలయ్యే, ముగిసే సమయం, ఎంతమంది వస్తారు, మైకులు ఎన్ని, బాధ్యులుగా ఇద్దరి పేర్లు, వాళ్ల ఆధార్ నకళ్లు, హాలు వాళ్ల ఒప్పుకోలు పత్రం. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. నోటి మాట మీద వచ్చేస్తే, సభ రోజు డ్యూటీలో వేరే ఎస్ఐ ఉంటాడు, ఆయనకు ఏమీ తెలియదు. బాధ్యుల్లో విద్యార్థుల పేర్లు పెట్టకండి. కాలనీలో ఇల్లున్న పెద్దవాళ్ల పేర్లే ఉండాలి.

ఇంకొకటి, తేదీ ఖాయం చేసుకునే ముందు పంచాంగం చూడండి. ఆదివారం ముహూర్తాలు గట్టిగా ఉంటే హాలూ దొరకదు, టెంట్ హౌస్ వాడు కుర్చీలూ ఇవ్వడు, సగం మంది పెళ్లిళ్లలో ఉంటారు.

మైకుసెట్టు:

అన్నా, నూటయాభై మందికి హార్నులు వద్దే వద్దు. హార్ను దూరం కొడతది, దగ్గర కూసున్నోళ్ల చెవులు పగులుతయి, మాట మాత్రం సాఫ్‌గ రాదు. రెండు కాలమ్ బాక్సులు (నిలువు స్పీకర్లు), ఒక ఆంప్లిఫయరు, వైరు మైకు ఒకటి, కార్డ్‌లెస్ మైకులు రెండు. గంతే. బాక్సులు నేల మీద పెట్టకుండ్రి, ముందు వరుస మనుషులే ఆవాజును తాగేస్తరు. మనిషి తలకంటె ఎత్తుగ, ఆరేడు అడుగుల మీద కట్టి కొంచెం కిందికి వంచుండ్రి.

కీచుమని కూత ఎందుకు పెడతదంటే, బాక్సుల నుంచి వచ్చిన ఆవాజు మళ్ల మైకుల దూరుతది. బాక్సులు ఎప్పుడైనా మైకు కంటె ముందుకు, జనం దిక్కు ఉండాలె. కార్డ్‌లెస్ పట్టుకొని మనిషి బాక్సు ముందటికి పోయిండంటే ఇగ కూతే. అందుకే జనంల తిరిగే మైకు ఎవరి చేతికి ఇయ్యకుండ్రి, ఒక వలంటీరే పట్టుకొని నోటి ముందు నాలుగు వేళ్ల దూరంల పెట్టాలె. మాట్లాడేటోళ్లు జాలీని గుప్పిట్ల మూస్తరు, గప్పుడు గూడ కూస్తది. మైకు వలంటీరు చేతిలనే ఉంటే, దొరకబట్టి ‘ఇంకొక్క మాట’ అనుకుంట వదలని బాధ గూడ తప్పుతది!

కార్డ్‌లెస్‌కు కొత్త సెల్లులు ఎయ్యుండ్రి, ఒక జత జేబుల పెట్టుకోండ్రి. రేకుల కప్పు హాలైతే ఆవాజు మారుమోగుతది. ఎనుక గోడకు దుప్పట్లు, జంపకానాలు ఏలాడదీస్తే శానా తగ్గుతది. ఆవాజు పెంచితే ఇంక ఖరాబైతది, తగ్గిస్తెనే మాట తెలుస్తది.

జూన్‌ల సాయంత్రం గాలి లేస్తే కరెంటు పోతది, పక్కా. 12 వోల్టుల బ్యాటరీ మీద గూడ నడిచే ఆంప్లిఫయరు అడుగుండ్రి, అహూజాల అట్లాంటివి ఉంటయి. జనరేటరు కిరాయి మిగులుతది, దాని మోత గూడ ఉండదు. లైట్లకు నాలుగు చార్జింగ్ బల్బులు సాలు.

వడ్డేపల్లి_కట్ట:

నడపడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర సభలు పాడయ్యేది ఇక్కడే.

ఈ ఊరికి గోష్ఠి కొత్త కాదు. రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పెట్టిన ఊరు. మిత్రమండలి అనే సాహిత్య బృందంలో కవులు కూర్చుని రాసింది చదువుకున్న ఊరు. వేదిక, శాలువా, బొకే, ‘సభకు విచ్చేసిన’ అనే మాట మధ్యలో ఎప్పుడో వచ్చి చేరాయి. రెండు గంటల సభలో వేదిక మీదికి ఆహ్వానం, దీపం, శాలువాలకే ముప్పై అయిదు నలభై నిమిషాలు పోతాయి, లెక్క వేసి చూడండి. అవి తీసేస్తే మూడో వంతు సభ మీ చేతికి వచ్చినట్టే.

కుర్చీలు అర్ధచంద్రాకారంలో, మూడు వరుసల కంటే ఎక్కువ కాకుండా వేయండి. వేదిక వద్దు. ముందు గోడకు నాలా పటం పెద్దగా కొట్టించి అతికించండి. చేత్తో గీసినా చాలు, కల్వర్టులు, వంతెన, వీధుల పేర్లు ఉంటే సరిపోతుంది. వచ్చినవాళ్లు లోపలికి వస్తూనే తమ ఇంటి దగ్గర సమస్య ఉన్నచోట ఎర్ర చుక్క పెట్టాలి. సభ మొదలయ్యేసరికే నలభై యాభై చుక్కలు కనబడతాయి. ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే విషయం గోడ మీద ఉంటుంది.

పక్కన ఇంకో చార్టు, నాలుగు గడులు: ఎక్కడ, ఏమిటి, ఏ శాఖ, ఎవరు వెంటబడతారు. ‘ఎక్కడ’ అన్నచోట ‘కిరాణం కొట్టు దగ్గర’ అని రాయకండి. కరెంటు స్తంభం మీద నంబరు ఉంటుంది, అది రాయండి. కొట్టు మారిపోయినా స్తంభం మారదు. మూడో గడిలోనే చాలా సభలు తప్పు చేస్తాయి. పూడికతీత, డ్రైన్లు కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగానివి. నాలా మీద కట్టడాలు టౌన్ ప్లానింగ్ చూస్తుంది. చెరువు అలుగు, తూము నీటిపారుదల శాఖవి. వంగిన స్తంభాలు, వేలాడే తీగలు కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్‌వి, వాళ్ల ప్రధాన కార్యాలయం మన నక్కలగుట్టలోనే ఉంది. ఒకే అర్జీలో నాలుగూ కలిపి రాస్తే ఎవరికి వాళ్లు ‘ఇది మాది కాదు’ అని పక్కకు తోస్తారు.

మాట్లాడేవాళ్లకు రెండు నిమిషాలు. సమయం చూసే మనిషి వేరు, సభ నడిపే మనిషి వేరు. ఇద్దరి పనీ ఒకరికే ఇస్తే మొహమాటం గెలుస్తుంది. గంట ఒక హాస్టల్ అమ్మాయి చేతిలో పెట్టండి, ఎంత పెద్దమనిషికైనా కొట్టేస్తుంది. చేయెత్తిన వరుసలో కాకుండా ముందే చీటీలు తీసుకోండి, మొదటి పది చీటీల్లో కనీసం అయిదు ఆడవాళ్లవి ఉండేలా చూడండి. నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు బియ్యం, పొయ్యి, పిల్లల పుస్తకాలు పైకెత్తింది వాళ్లే. నీళ్లు ఏ మూల నుంచి ముందు వచ్చాయో, గడపకు ఎంత ఎత్తు నిలిచాయో వాళ్లు చెప్పినంత కచ్చితంగా ఇంకెవరూ చెప్పలేరు.

చివరి ఇరవై నిమిషాలు కొత్త మాటలు ఆపేసి నాలుగో గడి నింపండి. పేరు, ఫోను లేని సమస్యను కొట్టేయడమే మంచిది. లేకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

నయీంనగర్_ఒడ్డు:

చాలా సంతోషం. కార్పొరేటరు, ఎమ్మెల్యేను పిలవాలా వద్దా అన్నది తెగడం లేదు. సగం మంది పిలవాలనీ, సగం మంది వద్దనీ అంటున్నారు.

సుబేదారి_చౌరస్తా:

పిలవండి. పిలవకపోతే ఎవరో ఎదుటి పార్టీ సభ అని పేరు పడుతుంది. కార్పొరేషన్ పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి ఉంటే ఆయనకు ఉత్తరం ఇవ్వండి. డివిజన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) మాత్రం తప్పకుండా పిలవాలి, అసలు పని ఆయన దగ్గరే.

వడ్డేపల్లి_కట్ట:

నేను ఒప్పుకోను. మొదటి సభకు నాయకులు వద్దు, ఏఈ ఒక్కరు చాలు. నాయకుడు వస్తే వెంట ఇరవై మంది వస్తారు, ముందు వరుస పోతుంది, ఆయన ఆలస్యమైతే సభే ఆగుతుంది. చార్టు నిండిన తర్వాత దాన్ని ఆయన ఇంటికే తీసుకెళ్లి ఇవ్వండి. పిలిచే తీరాలి అంటే ఆఖరి అరగంటకు పిలవండి, వినడానికి. ఆహ్వానంలోనే ‘నాలుగు నిమిషాలు’ అని రాయండి.

కుమార్‌పల్లి_చాయ్:

చాయ్ లెక్క ఎవరూ చెప్పలేదు. నూటయాభై మందికి చిన్న గ్లాసు లెక్కన 12 లీటర్ల చాయ్. పాలు 8 లీటర్లు, మిగతాది నీళ్లు, కొంత మరుగులో పోతుంది కాబట్టి ఒక లీటరు ఎక్కువే పోయాలి. చాయ్‌పత్తా 300 గ్రాములు, చక్కెర కిలో. షుగర్ ఉన్నవాళ్లకు రెండు లీటర్లు వేరే తీయండి. మంచినీళ్లు 20 లీటర్ల క్యాన్లు మూడు. కాగితం కప్పులు వద్దు, టెంట్ హౌస్‌లో స్టీలు గ్లాసులు దొరుకుతాయి. నాలా శుభ్రం గురించి సభ పెట్టి, కప్పులు ఆ నాలాలోనే తేలితే ఫొటో తీసేవాళ్లు ఉంటారు.

చాయ్ సభ మధ్యలో ఇవ్వకండి, మొదలుకాకముందు ఇవ్వండి. అయిదున్నరకు చాయ్ అంటే ఆరింటికి కుర్చీలు నిండుతాయి.

అదాలత్_సెంటర్:

తర్వాతి పని. సభ వివరం ఒక్క పేజీలో, రెండు రోజుల్లోపు రాసి వచ్చినవాళ్లందరికీ పంపండి. సంతకాల పుస్తకం గుమ్మం దగ్గరే పెట్టి పేరు, వీధి రాయించండి. ఆధార్ నంబర్లు మాత్రం అడగకండి, అవసరం లేదు, జనం భయపడతారు.

అర్జీలు శాఖకొకటి చొప్పున విడిగా రాసి సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. రసీదు నంబరు లేకుండా తిరిగి రావద్దు. ఇద్దరు ముగ్గురు వెళ్తే చాలు. యాభై మంది వెళ్తే అది ధర్నా అవుతుంది, దానికి వేరే అనుమతి కావాలి.

నెల రోజుల్లో కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. కార్పొరేషన్‌కు రుసుము 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు 30 రోజులు, రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ‘పూడిక ఎందుకు తీయలేదు?’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే, సంజాయిషీ కాదు. ఫలానా వంతెన నుంచి ఫలానా కల్వర్టు వరకు ఈ ఏడాది పూడికతీత అంచనా ప్రతి, వర్క్ ఆర్డరు, కొలతల పుస్తకం పేజీలు, టిప్పరు ట్రిప్పు షీట్లు అడగండి.

వాటిని చదివే పని ఇంజినీరింగ్ పిల్లలకు అప్పజెప్పండి. 300 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం పూడిక అంటే 900 ఘనపు మీటర్లు. ఆరు ఘనపు మీటర్ల టిప్పరుకు 150 ట్రిప్పులు. తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది కాబట్టి ట్రిప్పులు ఇంకా పెరగాలి తప్ప తగ్గకూడదు. షీట్లలో నలభై ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టు. అందుకే పని మొదలుకాకముందే పూడిక మందాన్ని కర్ర దించి, టేపుతో కొలిచి, తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోవాలి. తీసేశాక కొలవడానికి ఏమీ మిగలదు.

అదే దరఖాస్తులో కాదు, వేరే దరఖాస్తులో ఇంకొకటి అడగండి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి, యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు ఒక్కోటి, ఒక్కోదాంట్లో 15 మంది. మీ డివిజన్ కమిటీల్లో ఎవరున్నారు, చివరి సమావేశం ఎప్పుడు జరిగింది, తీర్మానాల ప్రతి ఇవ్వండి అని. ఆ అరవై పేర్లలో కొందరు మీ సభకు వచ్చినవాళ్లే అయి ఉండొచ్చు, వాళ్లకే తెలియకుండా.