అప్‌డేట్: సొరుగుల అల్మారాను గోడకు బిగించాం

రెండేళ్ల బాబు సొరుగులు బయటికి లాగి మెట్లలా ఎక్కేస్తున్నాడు, అల్మారా వాడి మీద పడకుండా ఏం చేయాలని పోయిన వారం అడిగాను. గోడకు బిగించమన్నారు. బిగించాం, కానీ మొదటిసారి ఊడొచ్చింది. ఎందుకో రాస్తున్నా, చిన్నపిల్లలున్న ఇంకెవరికీ ఇలా కాకూడదు.

మొదట వాడింది అంగుళం స్క్రూ. ప్లాస్టరింగే అర అంగుళం దాకా ఉంటుంది కదా, స్క్రూ ఇటుకను సరిగా పట్టలేదు. చేత్తో గుంజితే, రంధ్రంలో పెట్టిన ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా వచ్చేసింది. ఈసారి 8 ఎం.ఎం. బిట్‌తో 60 ఎం.ఎం. లోతు రంధ్రం, 50 ఎం.ఎం. స్క్రూ. మాది ఎర్ర ఇటుక గోడ. ఎర్ర పొడి రాలితే ఇటుక తగిలినట్టే. బూడిద రంగు పొడే వస్తూ బిట్ మెత్తగా దిగిపోతుంటే అది ఇటుకల మధ్య సిమెంటు సందు, ఇటుక తగిలే చోటికి జరపండి. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా మాత్రం డ్రిల్ పెట్టొద్దు, లోపల వైర్ల పైపు ఉంటుంది.

ఇంకోటి, కింద స్కర్టింగ్ టైల్ అడ్డం ఉండి అల్మారా గోడకు ఆనదు. ఆ సందుకు సరిపడా చెక్కముక్క దూర్చాకే ఎల్ క్లాంప్ (అల్మారాను గోడకు పట్టి ఉంచే ఎల్ ఆకారపు పట్టీ) బిగించాలి. లేదంటే ఊగి ఊగి స్క్రూ వదులవుతుంది. అల్మారా వైపు స్క్రూ వెనకున్న పల్చటి ప్లైకి కాదు, మందంగా ఉండే పై పలకకే పడాలి. రెండు చివర్లా ఒక్కో క్లాంపు.

బరువైన దుప్పట్లు కింది సొరుగులోకి మార్చాం. రిమోట్, బొమ్మలు పైన పెట్టడం మానేశాం, వాడు ఎక్కేది వాటి కోసమే. ఇప్పుడు సొరుగులన్నీ తెరిచి గట్టిగా ముందుకు గుంజినా కదలట్లేదు.

సొరుగులకు అంటించే లాకులు సన్‌మైకా మీద నిలుస్తాయా? వాడినవాళ్లు చెప్పండి.