నాట్యం వచ్చినవారి కత్తియుద్ధాలు: మీరు గమనించినవి చెప్పండి

తెరచాటు:
'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' (2000) మళ్లీ చూశాను. అందులో కత్తి దూసే ముగ్గురు స్త్రీలూ మొదట నర్తకులే. మిషెల్ యో లండన్‌లో బ్యాలే చదివారు. జాంగ్ జీయీ బీజింగ్‌లో నృత్యం నేర్చారు. చెంగ్ పేయ్-పేయ్‌దీ బ్యాలే నేపథ్యమే. యుద్ధవిద్యలో పెరగనివారి పోరాటం అంతగా ఎలా నమ్మిస్తోంది?

అందెలరవళి:
నేను కూచిపూడి నేర్పుతాను. నా కన్ను దెబ్బ మీద కాదు, దెబ్బ పడ్డాక శరీరం నిలిచే తీరు మీద పడుతుంది. రాత్రివేళ పెంకుల కప్పుల మీద తరుముకునే ఘట్టం ఉంది కదా, అక్కడ సంగీత దర్శకుడు టాన్ డున్ డప్పులే రాజ్యమేలతాయి. ఒకసారి శబ్దం తీసేసి చూశాను, సగం ప్రాణం పోయింది. అదే ఘట్టం మా పిల్లలకు చూపిస్తే, అడగకుండానే తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు. ముక్తాయింపు ఎక్కడ పడుతుందో వాళ్లకు ముందే తెలిసిపోతోంది!

పాతరీలు:
తెలియక ఎక్కడికి పోతుందండీ, ఈ రకం పోరాటాల పుట్టిల్లు పెకింగ్ ఒపేరా, అంటే పాట, ఆట, పోరు కలిసిన చైనా సంప్రదాయ రంగస్థలం. అక్కడ పోరాటమంతా డోలు, కంచుపళ్లేల దరువు మీదే నడుస్తుంది. దర్శకుడు కింగ్ హు ఆ ఒరవడినే సినిమాకు తెచ్చారు. 1966లో 'కమ్ డ్రింక్ విత్ మీ'కి చెంగ్ పేయ్-పేయ్‌ను ఎంచుకున్నది కూడా ఆమెకు నృత్యం వచ్చనే. సత్రం ఘట్టంలో చుట్టూ దుండగులు మూగుతుంటే ఆమె చాలాసేపు బల్ల దగ్గర కదలకుండా కూర్చుంటుంది. నాకైతే తర్వాతి కత్తిసాము కన్నా ఆ కూర్చోవడమే ఎక్కువ భయపెట్టింది.

కరాటేమనిషి:
తీగలు కట్టి ఎగరేస్తే ఎవరైనా వీరులే. నేను హాంకాంగ్ కుంగ్‌ఫూ చిత్రాల దర్శకుడు లౌ కార్-లెయుంగ్ పక్షం. ఆయన తండ్రికి నేర్పిన గురువు, పేరుమోసిన కుంగ్‌ఫూ యోధుడు వాంగ్ ఫేయ్-హుంగ్‌కు శిష్యుడు, అంటే విద్య ఇంట్లోనే ఉంది. లౌ కెమెరా వెనక్కి జరిగి తల నుంచి పాదం దాకా చూపిస్తుంది. దాచడానికి ఏమీ లేనివాడే అలా తీయగలడు.

అందెలరవళి:
తీగ మనిషిని పైకి లేపుతుంది, నిజమే. గాలిలో నడుము వాలకుండా, చెయ్యి తేలకుండా నిలుపుకోవలసింది ఆ మనిషే కదా! మిషెల్ యో ఆ చిత్రీకరణలోనే మోకాలి స్నాయువు తెంచుకున్నారు. అంత తేలికైన పని అయితే అలా జరిగేదా?

కత్తెరపని:
కరాటేమనిషి గారూ, దాచడమూ ఒక విద్యే. కింగ్ హు 'ఎ టచ్ ఆఫ్ జెన్'లో వెదురుతోపు పోరును ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడండి. ఒక్క దూకుడును చిన్న చిన్న ముక్కలు చేశారు. కొన్ని ముక్కలు కన్ను పట్టుకునేలోపే మాయం. 1975లో కాన్ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రానికి సాంకేతిక బహుమతి వచ్చింది. మేము ఒక లఘుచిత్రంలో కుర్రవాడి దూకుడును మొదటి నుంచి చివరి దాకా ఉంచితే, నేల మీద పడేటప్పటి తడబాటు బయటపడింది. ఆ చివరి ముక్క తీసేయగానే మనిషి తేలికైపోయాడు.

కరాటేమనిషి:
సరే, వెదురుతోపు ఈ ఆదివారం చూస్తాను. మీరు మాత్రం లౌ గారి 'ది థర్టీ సిక్స్త్ చాంబర్ ఆఫ్ షావోలిన్' (1978) చూడాలి. అందులో శత్రువుల మీద పోరు కన్నా గుడిలో సాధనకే ఎక్కువ నిడివి. అందెలరవళి గారికి నచ్చుతుందని నా అనుమానం.